మేఘవాటిలో చూడవలసిన ఐదు చోట్లు

“రోలు ఎందుకు జరిపావని నేను అడగలేదు. ఎవరు జరిపారని అడిగాను,” అన్నాడు ప్రోలయ్య మూడోసారి. అతని ఎడమ చీలమండ చిన్న సొరకాయంత వాచి ఉంది. దాని మీద వెచ్చజేసిన ఆముదపాకులు కట్టి ఉన్నాయి.

“ఈ ఇంట్లో రోలు దగ్గర కూర్చునేది నేనొక్కదాన్నే. ఇంకెవరు జరుపుతారు?” అంది అతని భార్య అన్నెమ్మ. “ఎండ మొహాన కొడుతుంటే రెండు జానలు నీడలోకి లాక్కున్నాను. దానికి రాజుగారి అనుమతి కావాలా?”

“రాజుగారిది అక్కర్లేదు. నాది కావాలి.”

“మనిషన్నవాడు ముందుకు చూసి నడిస్తే రోలు కనిపించేది.”

వసారాలో వత్తులు చేసుకుంటున్న ప్రోలయ్య తల్లి ముప్పవ్వ చేతులు ఆగాయి. ఆ ఇంట్లో అనకూడని మాట అది.

ప్రోలయ్య ఇంటివాళ్ళను మేఘవాటి నగరంలో చూపుకోలవారు అంటారు. ఏడు ప్రాకారాలు, మూడు వందల గోపురాలు, అరవై నాలుగు వీధులు ఉన్న ఆ పాత రాజధానిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. వాళ్ళకు ఊరు చూపించే పని పదకొండు తరాలుగా ఆ ఇంటిదే. అతిథికి వీపు చూపించరాదన్నది వాళ్ళ నియమం. అందుకని వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తూ, కథలు చెబుతూ, వెండిపొన్ను వేసిన చూపుకోల కర్ర చేతబట్టుకుని ఊరంతా వెనక్కి నడుస్తారు. ఏ బండ ఎక్కడ ఊగుతుందో, ఏ మెట్టు ఎంత అరిగిందో వాళ్ళ మడమలకు తెలుసు. మేఘవాటిలో ఎవరైనా తన అరుగు జానెడు ముందుకు కట్టుకోవాలన్నా ముందు ప్రోలయ్య ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళేవారు. అలాంటిది సొంత పెరట్లో, సొంత భార్య, చెప్పకుండా రోలు జరిపింది. తెల్లవారగానే అలవాటు ప్రకారం పెరటిలోంచి వెనక్కి నడిచి వస్తున్న ప్రోలయ్య దాని మీద పడ్డాడు.

“సరే, పడ్డది పడ్డారు. సత్రంలో అతిథి కాచుకుని ఉన్నాడట. ఎవరు వెళ్తారు?” అని అడిగింది అన్నెమ్మ.

అందరూ బేతడి వైపు చూశారు. బేతడు ఆ ఇంటి పెద్దకొడుకు. పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తిరగేస్తున్నాడు.

“నావైపు చూడకండి. కిందటి నెల వెళ్తే ఏమైంది? గొల్లామె పెరుగుకుండల్లో కూర్చున్నాను. అతిథులు ఐదు చోట్లకు బదులు ఆరు చోట్లు చూశారు.”

“నేను వెళ్తాను నాయనా,” అంది మైలమ. ఆమె బేతడికి చెల్లెలు. ఏడేళ్ళ వయసు నుంచీ తండ్రి వెనక, అంటే తండ్రి ముందు, ఊరంతా తిరిగిన పిల్ల.

“ఆడపిల్ల చూపుకోల పట్టిన ఆనవాయితీ లేదమ్మా.”

“లేదని ఎవరు చెప్పారు నీకు?” అంది ముప్పవ్వ. “మీ నాయన చలిజ్వరంతో మూలనపడితే మూడు నెలలు నేనే ఊరు చూపాను. అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. నీకు వెనకనడక వచ్చింది అక్కడే.”

ప్రోలయ్య గోడకు ఆనించిన చూపుకోల తీసి కూతురి చేతికిచ్చాడు.

“ఒక్కొక్క చోట ఒక్కటి చెప్పకుండా వదిలెయ్యి. గుర్తుందిగా?” అన్నాడు.

“గుర్తుంది.”

అది ఆ ఇంటి పనితనం. ప్రతి చోటా అంతా చెప్పి, ఒక్క చిన్న సంగతి మాత్రం వదిలేస్తారు. అది అతిథి కళ్ళ వాటా. ఐదో చోటైన సింహద్వారం దగ్గర చూపుకోలవారు ‘ఏం చూశావు?’ అని అడుగుతారు. అతిథి చెప్పాక చూపుకోల మీద చెయ్యి వేయించి, ‘చూసినవాడిదే ఈ ఊరు. ఇకమీద నువ్వు పరాయివాడివి కావు’ అంటారు. ఆ మాట అందుకున్నవాడికే సింహద్వారం దాటి పాతకోటలోకి అడుగుపెట్టే హక్కు. ఆ మాట లేని పరాయివాడు గడప దాటితే ద్వారానికి ఇరువైపులా ఉన్న రాతిసింహాలు ఊరుకోవని చెబుతారు. అవి కదలగా చూసినవాళ్ళు బతికి లేరు గనక వచ్చినవాళ్ళంతా దాన్ని కథ కిందే వింటారు.

“మాట తొందరపడి అనకు తల్లీ. అన్న మాట వెనక్కి రాదు,” అంది ముప్పవ్వ.

సత్రం ముందు కనిపించిన అతిథి పేరు అమృతశీలుడట. తూర్పు తీరపు వర్తకుడినని చెప్పాడు. పట్టుచొక్కా, పచ్చల కంఠహారం, నున్నగా దువ్విన గడ్డం. అతని వెనక ఒక యువకుడు నెమలి ఈకల గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటినిండా దారిదుమ్ము. మైలమ నమస్కరిస్తే పెదవులు కదిపాడు గాని మాట రాలేదు.

“వాడు మూగవాడు. ముసలాయన రాలేదేం?” అన్నాడు వర్తకుడు.

“కాలు బెణికిందయ్యా. నేను ఆయన కూతుర్ని.”

“ఎవరైతేనేం, త్వరగా కానివ్వు. పొద్దు వాలకముందే నేను సింహద్వారం దాటాలి.”

మైలమ చూపుకోల ఎత్తి, కుడి మడమ వెనక్కి వేసింది.

మొదటి చోటు ఏనుగుల దిగుడుబావి. గోపురాన్ని తలకిందులు చేసి భూమిలో దించినట్టుంటుంది. నాలుగు వైపులా మెట్లు ఇరుకవుతూ ఇరుకవుతూ పాతాళానికి జారిపోతాయి. అంతస్తుకు ఎనిమిది చొప్పున నాలుగు అంతస్తుల్లో ముప్పై రెండు రాతి ఏనుగులు. వాటి తొండాల్లోంచి దూకే నీళ్ళు ఎండలో ముత్యాలై, నీడలో వెండితీగలై, అడుగున పచ్చని కొలనులో కలుస్తాయి. పూర్వం యుద్ధం నుంచి వచ్చిన పట్టపుటేనుగులు ఈ మెట్లు దిగే దాహం తీర్చుకునేవనీ, వాటి కాళ్ళకు సరిపోయేలా మెట్లు వెడల్పుగా తొలిచారనీ మైలమ చెప్పింది.

చెబుతూ అతిథుల ముఖాలు చూసింది. వర్తకుడి చూపు ఏనుగుల మీద లేదు. ఆమె మడమల మీద ఉంది. మలుపులు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. గొడుగు పట్టుకున్న యువకుడు మాత్రం మూడో అంతస్తు దగ్గర ఆగాడు. అక్కడొక ఏనుగు పొట్ట కింద, వెతికితే గాని కనపడని చోట, చెవి విరిగిన గున్న ఒకటి తల్లి కాలు పట్టుకుని ఉంది. మైలమ దాని మాటెత్తలేదు. అతను వంగి చూసి నవ్వాడు. వర్తకుడు వెనక్కి తిరగకుండానే పిడికిలి బిగించాడు. యువకుడి నవ్వు ఆగిపోయింది. ఎవరో మెడ పట్టి లాగినట్టు ముందుకు వచ్చాడు.

రెండో చోటు వేయి కిటికీల గోడ. దాని వెనక రాజభవనం ఎప్పుడో కూలిపోయింది. గోడ ఒక్కటే ఏడంతస్తుల ఎత్తున ఆకాశానికి ఆనుకుని నిలబడింది. కిటికీల్లోంచి అవతలి వైపు మబ్బులు, పావురాలు, వెన్నెల రోజుల్లో చంద్రుడూ రాణివాసం స్త్రీల్లా తొంగిచూస్తాయి. ఉత్తరపుగాలి వీస్తే గోడంతా వీణలా మోగుతుంది. దక్షిణపుగాలికి నిద్రలో పసిపిల్ల మూలిగినట్టు మూలుగుతుంది. వాటిలో ఒక్క కిటికీ తెరిచింది కాదు, రాతి తలుపులతోనే చెక్కింది. ఆ తలుపుల సందులోంచి ఒక స్త్రీ నాలుగు వేళ్ళ కొసలు బయటికి కనిపిస్తాయి. అవి తలుపు తీస్తున్నాయో మూస్తున్నాయో ఎవరూ తేల్చలేదు. చూపుకోలవారు చెప్పకుండా వదిలేసేది అదే.

“ఇంకా ఎన్ని?” అన్నాడు వర్తకుడు.

“మూడయ్యా.”

“కథలు తగ్గించు.”

“కథ లేకపోతే గోడ మిగులుతుంది. మీ ఊళ్ళో గోడలు లేవా అయ్యా?”

గొడుగు కొంచెం ఊగింది. కింద ఉన్న యువకుడు నవ్వు ఆపుకుంటున్నాడని మైలమకు అర్థమైంది.

మూడోది తూనిక మండపం. పట్టాభిషేకం రోజున రాజును ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో వడ్లు పోసి తూచేవారు. ఆ వడ్లు అప్పటికప్పుడు దంచి, వండి, రాజు తన చేత్తో ఊరందరికీ వడ్డించాలి. “అందుకే మేఘవాటివాళ్ళకు లావుపాటి రాజులంటే ఇష్టం,” అని మైలమ ముగించింది. ఆ మాటకు నవ్వని అతిథి ఇంతవరకూ లేడని ఆమె తండ్రి చెబుతాడు. వర్తకుడు నవ్వలేదు. యువకుడి చూపు రాతి త్రాసు మీంచి స్తంభం మొదటికి దిగింది. అక్కడ వడ్లగింజ నోట కరుచుకుని పారిపోతున్న రాతిచీమ ఉంది. నిజం చీమంతే ఉంటుంది. మైలమకు తన ఎనిమిదో ఏట గాని అది కనపడలేదు.

నాలుగోది నీడల వీధి. ఇరుకైన వంపు తిరిగి అందులోకి వెళ్ళాలి. రెండు వైపులా గోడలు నల్లరాతివి. ఏ కాలపు శిల్పులో అద్దమంత నున్నగా మెరుగుపెట్టారు. వంపు తిరగ్గానే వచ్చినవాళ్ళ వెనక కూడా అలాంటి గోడే అడ్డంగా ఉంటుంది. ముందుకు నడిచేవాళ్ళకు అది కనపడదు. మైలమ వెనక్కి నడుస్తోంది గనక అతిథులిద్దరి ముఖాలూ, వాళ్ళ వెనక నల్లరాతిలో వాళ్ళ వీపులూ ఒకేసారి ఆమె కళ్ళ ముందున్నాయి.

ముఖాలకూ వీపులకూ పొంతన లేదు.

ముందు పట్టుచొక్కా ఉన్నవాడికి రాతిలో వీపు నిండా మొసలితోలు, మడమల దాకా వేలాడే జడలు. నడుముకు పట్టుగుడ్డలో చుట్టిన తెల్లని శంఖం. రాతిలో గొడుగు లేదు. గొడుగు పట్టుకున్నవాడి భుజాల మీద చిరిగిన రాజవస్త్రం, దాని మీద బంగారు జరీతో మూడు శిఖరాల గుర్తు. అతని మెడ నుంచి మొసలితోలువాడి పిడికిట్లోకి సాలెపోగంత సన్నని నల్లగొలుసు.

మూడు శిఖరాలంటే త్రిశిఖర రాజ్యం. పడమట ఆరు రోజుల ప్రయాణం.

మైలమ మడమ ఆగలేదు. కాని ముఖం మారింది.

“చూశావన్నమాట,” అన్నాడు వర్తకుడు తాపీగా. “చూసినదానివి చూసినట్టు నోరు మూసుకుంటే అందరికీ మంచిది. నేను కరాళకంఠుడిని. వీడు త్రిశిఖర యువరాజు నీలధ్వజుడు. వీడి గొంతు నా దగ్గరుంది.”

నడుము నుంచి శంఖం తీసి పెదవులకు ఆనించుకున్నాడు. దాంట్లోంచి అతని గరుకుగొంతు రాలేదు. లేతగా, మెత్తగా, ఇరవై రెండేళ్ళ యువకుడి గొంతు వచ్చింది. “నాయనగారూ, నేను తిరిగి వచ్చాను.”

తన గొంతు మరొకడి నోట విని నీలధ్వజుడు కళ్ళు మూసుకున్నాడు.

“పాతకోటలో మీ ఆదిరాజు రాజముద్రిక ఉంది. అది నాకు కావాలి. సింహద్వారం దగ్గర నువ్వు అనే మాట కోసమే ఈ దుమ్మంతా తొక్కాను. అరిచావో, ఈ శంఖం బండకేసి కొడతాను. దీంతో పాటే వీడి ప్రాణం పోతుంది. నడువు.”

మైలమ నడిచింది. భయం వేసింది గాని భయపడుతూనే ఆమె ఒక సంగతి గమనించింది. శంఖాన్ని అతను మళ్ళీ పట్టుగుడ్డలో మూడు చుట్లు చుట్టి, ముడి రెండుసార్లు లాగి చూసుకుని, నడుముకు కట్టుకున్నాడు. పగలగొట్టే ఉద్దేశం ఉన్నవాడు దేన్నీ అంత పదిలంగా చుట్టడు. ఆ గొంతుతో వీడికి ఇంకా పని ఉంది.

సింహద్వారం పడమటి ఎండలో ఎర్రగా వెలుగుతోంది. ఏడు నిలువుల ఎత్తు. మీద రాతిలో నక్షత్రాలు, తీగలు, హంసలు. ఇరువైపులా రెండు సింహాలు, పంజాల మధ్య పిచ్చుకలు గూళ్ళు కట్టుకునేంత పాతవి. గడపకు నలభై అడుగుల ఇవతల ఒక గుండ్రని బండ ఉంది. ఐదో చోటు చూపించడం అక్కడ పూర్తవుతుంది.

మైలమ ఆ బండ మీద నిలబడి, ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేస్తున్నదానిలా నెమ్మదిగా అడిగింది. “అతిథి దేవా, ఏం చూశావు?”

“ఏనుగుల బావి చూశాను. ముప్పై రెండు ఏనుగులు. యుద్ధం నుంచి వచ్చి దాహం తీర్చుకునేవి. వేయి కిటికీలు. ఉత్తరపుగాలికి వీణ, దక్షిణపుగాలికి పసిపిల్ల. త్రాసులో రాజు, వడ్లు. చాలా?”

“అవన్నీ నేను చెప్పినవయ్యా. మీరు చూసినవి చెప్పండి.”

ఊరంతా తిరిగి కరాళకంఠుడు చూసింది రెండు మడమలు మాత్రమే.

“పరాచికాలా?” అన్నాడు.

“కాదయ్యా, ఆనవాయితీ.” ఆమె గొడుగు వైపు తిరిగింది. “ఐదు చోట్లకూ మీరూ వచ్చారు బాబూ. మీరేం చూశారు?”

నీలధ్వజుడు గొడుగు కింద పెట్టాడు. కుడిచేయి తొండంలా ఊపి, దాని కింద ఎడమచేతి చిటికెనవేలు ముడిచి దాచాడు. రెండు అరచేతులూ తలుపుల్లా దగ్గరికి చేర్చి, సందులోంచి నాలుగు వేళ్ళ కొసలు చూపించాడు. తరవాత వంగి, రెండు వేళ్ళను నేలమీద చీమలా పరిగెత్తించాడు. నీడల వీధిలో చెప్పకుండా వదిలేసేది ఏమీ ఉండదు. అక్కడ ఎవరిని వాళ్ళు చూసుకోవాలి. అతను మైలమ కళ్ళను చూపించి, ఆ వేలితోనే తన మెడ తాకాడు. ఆమె చూపులో తన గొలుసును చూసుకున్నానని అర్థం.

మైలమ చూపుకోల అతని వైపు చాచింది. అతని చెయ్యి వెండిపొన్ను మీద పడీపడగానే ఒక్క గుక్కలో అనేసింది.

“చూసినవాడిదే ఈ ఊరు. ఇకమీద నువ్వు పరాయివాడివి కావు!”

ఎక్కడో వీణతీగ తెగినట్టు టంగుమంది. నల్లగొలుసు ముక్కలై నేలమీద పడి, పొగై లేచిపోయింది.

కరాళకంఠుడు గర్జించాడు. పట్టుచొక్కా ఊడి మొసలితోలు బయటపడింది. అతను రెండు చేతులూ ఎత్తి నేలకేసి కొట్టగానే గడప దాకా ఉన్న దారి మాయమైపోయింది. గుండ్రని బండ చుట్టూ అడుగులేని అగాధం. కింద మంటలు నాలుకలు చాస్తున్నాయి, మంటల్లో పాములు, పాముల మధ్య కపాలాలు. వేడిగాలి నీలధ్వజుడి ముఖాన కొట్టింది. అతను రాయిలా నిలబడిపోయాడు.

మైలమ వీపు అగాధం వైపు ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కుడి మడమ వేసింది. బండ ఎప్పటిలాగే చల్లగా, గట్టిగా తగిలింది.

“నా మొహం చూడండి బాబూ. కిందికి చూడకండి. చూపుకోల కొస పట్టుకోండి. మీ ఎడమ పక్కన ఉన్నది ధ్వజస్తంభం. పునాది పంచలోహాలతో పోశారు. ఇక్కడ బండ కాస్త ఊగుతుంది, పరవాలేదు. ఇది రథచక్రం గాడి, పెద్ద అడుగు వెయ్యండి. కుడి పక్కన వరాహ ఫలకం. దంతం మీద భూమి గుండ్రంగా ఉంటుంది, నిమ్మకాయంత.”

కథ ఆగలేదు. మంటల మీద, పాముల మీద, ఏమీ లేని గాలి మీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ నడిచారు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఆమె మడమకు గడపరాయి తగిలింది. దాటింది. నీలధ్వజుడూ దాటాడు. అగాధం ఆరిన దీపంలా పోయి, మామూలు రాళ్ళబాట మిగిలింది.

ఆ బాట మీద కరాళకంఠుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముద్రిక అంత దగ్గరలో ఉండగా అతనికి ఆగాలనిపించలేదు. సింహాల కథను అతనూ సగమే నమ్మినట్టుంది. కుడికాలు గడప దాటించాడు.

పిచ్చుకలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఎడమ సింహం జూలులోంచి వందల ఏళ్ళ దుమ్ము జలజలా రాలింది. రాతి కనురెప్పలు తెరుచుకున్నాయి. రెండో సింహం ఆవులించినట్టు నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చిన గర్జనకు వేయి కిటికీల గోడ అల్లంత దూరాన గొల్లుమంది. పంజా లేచి పడేలోగా మాంత్రికుడు నల్లని గద్దగా మారి పైకెగిరాడు. తోకలో సగం ఈకలు పంజాలోనే ఉండిపోయాయి. శంఖం మాత్రం అతని గోళ్ళలో ఉంది.

గద్ద పడమటికి తిరిగింది. పోతూ పోతూ గోళ్ళలోని శంఖం ముక్కుకు ఆనించుకుని, ఆకాశంలోంచి యువరాజు గొంతుతో ముద్దుగా అంది. “నాయనగారూ, వస్తున్నాను!”

సింహాలు మళ్ళీ రాళ్ళయ్యాయి. నీలధ్వజుడు గడప మీద కూలబడి, ఖాళీ నోటితో ఆకాశంకేసి చూస్తూ ఉండిపోయాడు.

ప్రోలయ్య ఇంట్లో ఇంకా దీపాలు పెట్టలేదు. మైలమ జరిగింది చెబుతుంటే అన్నెమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని వింది. విన్నాక మొదట చేసిన పని యువరాజుకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం. రెండో పని పీట వెయ్యడం.

“రాజుల బిడ్డ. మన జొన్నరొట్టె తింటాడో లేదో,” అంది కొడుకుతో.

“ఇప్పుడు ఆయన ఈ ఊరివాడేగా. తినక తప్పదు,” అన్నాడు బేతడు.

యువరాజు తిన్నాడు. ఆకలిమీద ఉన్నవాడిలాగే తిన్నాడు. తరవాత చెయ్యి కడుక్కుని, ముగ్గుపిండి ఉన్న కొబ్బరిచిప్ప సైగచేసి తీసుకుని నేల మీద పలచగా చల్లాడు. దాంట్లో వేలితో రాశాడు. ప్రోలయ్య వంగి, కూడబలుక్కుని, పైకి చదివాడు.

“మా తండ్రిగారికి పదేళ్ళుగా చూపు లేదు. నన్ను గొంతును బట్టే గుర్తుపడతారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజున నాకు పట్టాభిషేకం. ఆ గొంతుతో ఎవరు పలికితే వాళ్ళ తల మీద కిరీటం పెడతారు.”

“వాడు చెప్పిన ముద్రిక దొరకలేదుగా?” అంది అన్నెమ్మ.

“వేషం ఎలాగూ మార్చగలడు. ముద్రిక లేకపోయినా గొంతుందిగా. ఒక రాజ్యానికి అది చాలు,” అన్నాడు ప్రోలయ్య. “మన రాజుగారికి చెబితే?”

“చెప్పి, సభ కూడి, దూతను పంపేసరికి పక్షం పడుతుంది,” అన్నాడు బేతడు. “ఉత్తరం రాసి ఇస్తే?”

“చూపు లేని రాజుకు ఉత్తరం ఎవరు చదివి వినిపిస్తారు?” అన్నాడు ప్రోలయ్య. “కొలువులో ఎవరు ఎవరి మనిషో ఏం తెలుసు? మాట లేని పిల్లవాడు ఒంటరిగా వెళ్ళి నేనే కొడుకునని చేతులూపితే ద్వారం దగ్గరే మెడపట్టి గెంటుతారు. అదీ దారిలో కంకాళారణ్యం దాటి బతికి చేరితే.”

నీలధ్వజుడు ముగ్గుపిండిలో ఇంకేదో రాయబోయి, రాయకుండా వేలు తీసేశాడు.

ముప్పవ్వ వత్తులబుట్ట పక్కన పెట్టింది. “మీ మామగారు ఒకసారి కళ్ళు లేని సన్యాసికి ఊరు చూపారు,” అంది కోడలితో, మామూలుగా. “చెయ్యి పట్టుకుని ఒక్కొక్క ఏనుగునూ తడిమించారు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజున ఆ సన్యాసి, మూడో అంతస్తులో గున్నకు చెవి విరిగింది, అతికించండి అన్నాడట.”

అన్నెమ్మ వినిపించుకోనట్టు రొట్టెల గిన్నె తీసుకుని కూతురి దగ్గరికి వచ్చింది. “ఇంకొకటి వెయ్యనా? పొద్దుటి నుంచి తిరుగుతున్నావు.”

“వద్దమ్మా. నాలుగు రొట్టెలు మూటగట్టు, దారిలోకి.” మైలమ చెయ్యి కడుక్కుని, తండ్రి వైపూ అన్న వైపూ అవ్వ వైపూ చూసి, గొంతు పెంచకుండా చెప్పింది. “తెల్లవారగానే ఈయనతో త్రిశిఖరం వెళ్తున్నాను. ఆ రాజుగారికి కొడుకును చూపించి వస్తాను.”